శింగరకొండ నికర తూకం

వేములదొడ్డి మిరప యార్డులో శింగరకొండ ఇరవై ఎనిమిదేళ్ళుగా కాటాదారు. అతను తూచిన సరుకంతా ఒకచోట పోస్తే చిన్న గుట్టవుతుంది. తన తూకం మాత్రం తనకు తెలీదు. కాటా వేసేవాడు కాటా ఎక్కకూడదని యార్డులో ఒక పట్టింపు ఉంది. ఎవరు పెట్టారో తెలీదు. లావుపాటి కాటాదారు ఎవరో పెట్టి ఉంటాడు.

ఉద్యోగంలో చేరినప్పుడు శింగరకొండ సన్నగానే ఉండేవాడు. పొట్ట ఒక్కరోజులో రాలేదు. సీజనుకు ఇంత చొప్పున వచ్చింది. మిరప సీజనంటే పొద్దున ఆరింటికి గేటు తెరుస్తారు. గేటు తెరిచిన దగ్గర్నించి కాటా చుట్టూ మూగుతారు. "ముల్లు నిలబడకముందే చెప్పేస్తివే" అని రైతు అరుస్తాడు. "తరుగు చాల్లేదు" అని కొన్న షావుకారు గుమస్తా అరుస్తాడు. "తొందరగా కానీ మావా, నడుం పడిపోతోంది" అని బస్తా ఎత్తిన హమాలీ అరుస్తాడు. ముగ్గురికీ జవాబు చెప్పాలంటే నోరు ఖాళీగా ఉండాలి. శింగరకొండ నోరు ఖాళీగా ఉండేది కాదు. కోపం వస్తే మిరపకాయ బజ్జీ తినేవాడు. భయం వస్తే పునుగులు తినేవాడు. రెండూ కలిసి వస్తే, అంటే సెక్రటరీ గారు వస్తే, రెండూ తిని పైన చక్కెర దండిగా వేసిన టీ తాగేవాడు.

తరుగంటే తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. బస్తా నలభై రెండు కిలోలు తూగిందనుకోండి. అందులో గోతం బరువు ఒక కిలో. ఎండితే పోయే తేమ అర కిలో. తెల్లబారిన తాలుకాయ, దుమ్ము కలిపి ఇంకో అర. వెరసి రెండు కిలోలు తీసేసి నలభై అని రాస్తారు. తీసింది తరుగు. మిగిలింది నికర తూకం. కాయ గలగలలాడినా తేమ తియ్యాల్సిందే. గోతం చిల్లులు పడి అరకిలో కూడా లేకపోయినా కిలో తియ్యాల్సిందే. శింగరకొండ ముల్లు చూసి ఒకే ఊపిరిలో కేకవేసేవాడు:

"నలభై రెండు! తరుగు రెండు! నలభై!"

రోజుకు వెయ్యిసార్లు. నిద్రలో కూడా అనేవాడని అతని భార్య పేరమ్మ చెప్పేది. ఒకసారి ఆమె అన్నం వడ్డించి "ఎంత పెట్టమంటావు?" అంటే, "రెండు తీసి పెట్టు" అన్నాడట. అన్నాడే గానీ తియ్యనివ్వలేదు.

అట్టా ఉండగా పెద్దాఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. మేడ మెట్ల మీద లావుపాటి అటెండరు ఒకాయన ఆయాసపడి ఆగిపోతే, వెనక ఈ అధికారి ఇరుక్కుపోయాడు. నాలుగు నిమిషాలు ఇరుక్కున్నాడు. ఆ నాలుగు నిమిషాల్లో ఆయనకు సిబ్బంది ఆరోగ్యం మీద ఆలోచన కలిగింది. నెల తిరక్కుండా సర్క్యులరు వచ్చింది.

యార్డు సెక్రటరీ విరూపాక్షం గారు సిబ్బందినందరినీ నిలబెట్టి చదివాడు.

"విషయము: సిబ్బంది దేహభార నియంత్రణ. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఆరోగ్య యార్డు పథకము క్రింద ప్రతి ఉద్యోగి తన ఎత్తుకు తగిన ప్రామాణిక తూకమునకు వచ్చువరకు నెలకు రెండు కిలోలకు తక్కువ కాకుండా తగ్గవలెను. తగ్గని వారిని ప్రస్తుత విధుల నుండి తప్పించి గేటు విధులకు పంపుట జరుగును."

చదవటం అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి శింగరకొండ వైపు చూశాడు. మిగతావాళ్ళు కూడా అటే చూశారు.

"శింగరకొండా, నీ దేహభారం విషయమై నేను తీవ్రంగా యోచిస్తున్నాను."

"చిత్తం సార్."

"నువ్వు కూడా యోచించాలి."

"చిత్తం సార్."

గేటు అనగానే శింగరకొండ తన కాటా వైపు చూసుకున్నాడు. ఇంకా రెండేళ్ళ నౌకరీ ఉంది. గేటు దగ్గర చేసేదేమీ లేదు, స్టూలు మీద కూచుని బండ్ల నంబర్లు చూడటమే. అక్కడ ఎవడూ "శింగరకొండా, ఎంత?" అని అడగడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నకే అతను బతుకుతున్నాడు. కాటా పోతే ఇంకేం ఉంది తన దగ్గర? పొట్ట ఉంది.

ఫిబ్రవరిలో ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ తూకం మిషను తెచ్చింది. శింగరకొండ కళ్ళు మూసుకుని ఎక్కాడు. తొంభై ఆరు.

"బాబాయ్, ఇది మోకాళ్ళు మోసే బరువు కాదు. షుగరు కూడా బాగా ఉంది. ఇరవై కిలోలు తగ్గావంటే గుండె నీ మాట వింటుంది" అంది నర్సమ్మ.

"తగ్గకపోతే?"

"నువ్వే దాని మాట వినాల్సొస్తుంది."

ఇంటికి పోయి పేరమ్మతో చెప్పాడు. పేరమ్మ మర్నాటి నుంచి రాగి జావ కాచింది. పొద్దున జావ, రాత్రి రెండు జొన్న రొట్టెలు. శింగరకొండ తెల్లారుజామున యార్డు షెడ్ల చుట్టూ నడక మొదలుపెట్టాడు. మిరప యార్డులో నడిస్తే గాలి పీల్చినట్టుండదు, కారం పీల్చినట్టుంటుంది. రెండడుగులకు ఒక తుమ్ము, నాలుగడుగులకు ఒక దగ్గు. అయినా నిజాయితీగా పది రోజులు నడిచాడు. పదకొండో రోజు ఎనిమిది వేల బస్తాలు దిగాయి. పొద్దున్నుంచి ముగ్గురు రైతులతో, ఇద్దరు గుమస్తాలతో తగాదా. మధ్యాహ్నం రెండింటికి శింగరకొండ తనకు తెలియకుండానే నాలుగో షెడ్డు వెనక బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం ఉంది. కాగితంలో ఏమీ లేదు. అంటే అయిపోయాయన్నమాట.

ఆ రాత్రి పేరమ్మ అడిగింది.

"ఏందయ్యా, రొట్టె ముట్టుకోలేదు?"

"ఆకలి లేదు. తగ్గుతున్నా గదా."

"చొక్కా మీద ఆ నూనె మరకేంది?"

"కాటాకు నూనె పెట్టా."

"కాటాకు శనగపిండి కూడా పెట్టావా?"

శింగరకొండ చొక్కా విప్పి దండెం మీద వేశాడు. మొదట్నించీ మాటలు తక్కువ మనిషి.

మార్చిలో మళ్ళీ తూకం రోజు వచ్చింది. నర్సమ్మ రాలేదు, పల్లెల్లో టీకాలకు పోయింది. మిషను కూడా ఆమెతోపాటే పోయింది. విరూపాక్షం గారు మాత్రం ఆగలేదు.

"యార్డులో నాలుగు కాటాలు పెట్టుకుని పక్క శాఖ మిషను కోసం దేవులాడటం వనరుల దుర్వినియోగం. కాటా సిద్ధం చెయ్యి. ముందు నేనే ఎక్కుతాను. అధికారి ఆదర్శంగా ఉండాలి."

ఆయన చెప్పులు విడిచి కాటా ఎక్కాడు. పోయిన నెల ఆయన తూకం తొంభై ఒకటి. శింగరకొండ ముల్లు నిలబడేదాకా చూశాడు. అక్కడే నిలబడింది. ఒక్క గ్రాము కదల్లేదు. కాటా మీద బరువుంది, ముల్లు నిలబడింది, శింగరకొండ నోరు తెరుచుకుంది. తర్వాత జరిగిందాంట్లో అతని ప్రమేయం ఏమీ లేదు.

"తొంభై ఒకటి! తరుగు రెండు! ఎనభై తొమ్మిది!"

ఎత్తిన బస్తా ఎత్తినట్టే హమాలీలు ఆగిపోయారు. శింగరకొండ నాలుక కరుచుకున్నాడు. సెక్రటరీ గారికే తరుగు తీశాడు. గేటు కూడా దక్కదిక.

విరూపాక్షం గారు కాటా మీదే ఉండి మెల్లిగా తల తిప్పాడు.

"మళ్ళీ అను."

"పొరపాటున వచ్చేసింది సార్, నోటి అలవాటు..."

"మళ్ళీ అనవయ్యా."

"ఎనభై... తొమ్మిది సార్."

విరూపాక్షం గారు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. మొహం విప్పారింది. "సరిగ్గా రెండు కిలోలు తగ్గాను. జోజిబాబూ, రాసుకో."

సూపర్వైజరు జోజిబాబు కలం పట్టుకుని తటపటాయించాడు. "సార్, తరుగు సరుక్కి గదండీ..."

"యార్డు కాటా మీద ఏది ఎక్కినా యార్డు ఆనవాయితీ వర్తిస్తుంది. మనం బట్టలు కట్టుకున్నామా లేదా? అది గోతం. చెమట పోస్తోందా లేదా? అది తేమ. ఈ సూక్ష్మం ఇన్నాళ్ళూ మనకెవరికీ తట్టలేదు. ఒక్క శింగరకొండకే తట్టింది."

అందరూ శింగరకొండ వైపు మెచ్చుకోలుగా చూశారు. అతను ఏం చేశాడో అతనికి తెలియకుండానే అతనికి మంచి పేరు వచ్చింది.

అతని వంతు వచ్చింది. కాటాదారు కాటా ఎక్కడం యార్డు చరిత్రలో మొదటిసారి. జోజిబాబు ముల్లు చూశాడు. తొంభై ఏడు. అంటే నెల రోజుల జావకు, నడకకు ఒక కిలో పెరిగాడు. తరుగు రెండు తీస్తే తొంభై అయిదు. తొంభై నాలుగు రావాలి. ఒక కిలో తేడా.

"తేమ చూడండి" అన్నాడు విరూపాక్షం గారు.

మిరపకాయల్లో గుచ్చే తేమ మీటరు తెచ్చి శింగరకొండ చంకలో పెట్టారు. మీటరు పద్దెనిమిది చూపించింది. సరుకైతే వాపసు పంపాల్సిన తేమ.

"తడి బస్తా" అన్నాడు జోజిబాబు, తీర్పు చెప్పినట్టు. "ఇంకో కిలో తియ్యొచ్చు సార్."

తొంభై నాలుగని రాశారు. శింగరకొండ కాటా దిగి, కాటా పక్కన తన చోట నిలబడ్డాడు. మనసు తేలికయింది. ఒంటి బరువు ఏ మాత్రం తగ్గకుండా మనసు అంత తేలిక కావటం అతనికి భలే నచ్చింది. ఆ సాయంత్రం దాచుకోకుండా, నాలుగో షెడ్డు ముందువైపే నిలబడి బజ్జీలు తిన్నాడు.

పథకం అక్కడినించి పరుగెత్తింది. ఏప్రిల్లో జోజిబాబు ఒక పట్టిక తయారుచేశాడు. బట్టలకు ఒక కిలో. తేమకు రెండు. ఒంటి మీద కారం దుమ్ముకు ఒకటి. నెరిసిన వెంట్రుకలు తాలుకాయ కిందికి వస్తాయి గనక తాలుకు ఒకటి. శాంపిలు చూడటానికి సరుకులోంచి గుప్పెడు తీస్తారు, మళ్ళీ పొయ్యరు. మంగలి జుట్టు కత్తిరించాడు, గోళ్ళు తీశారు, అవీ మళ్ళీ రావు గనక శాంపిలుకు ఒకటి. మోకాలి చిప్పలు అరిగినవాళ్ళకు అరుగుదల ఒకటి. మొత్తం ఏడు. ఈ అరుగుదల దగ్గర విరూపాక్షం గారు జోజిబాబు భుజం తట్టి, "పరిపాలనాదక్షత అంటే ఇది" అన్నాడు.

ఆ నెల నుంచే కాటా ఎక్కడం కూడా మానేశారు. పోయిన నెల నికర తూకం కాగితం మీద ఉంది. అందులోంచి ఏడు తీసేస్తే ఈ నెల తూకం వస్తుంది. దీనికి మళ్ళీ మనిషి ఎందుకు?

అట్టా శింగరకొండ ఏప్రిల్లో ఎనభై ఏడు, మేలో ఎనభై, జూన్లో డెబ్భై మూడు, జూలైలో అరవై ఆరు అయ్యాడు. యార్డులో మిగతావాళ్ళంతా తమ తమ ప్రామాణిక తూకానికి రాగానే ఆగిపోయారు. శింగరకొండ ప్రామాణిక తూకం కూడా అరవై ఆరే. కానీ అతన్ని ఆపలేదు. ఆపితే ఆ నెల యార్డు మొత్తం తగ్గుదల సున్నా అని పెద్దాఫీసుకు పోతుంది. యార్డు అప్పటికే జిల్లాలో మొదటి స్థానంలో ఉంది. మొదటి స్థానంలో ఉన్న యార్డు సున్నా పంపకూడదు.

"నీ ఒక్కడి మీదే ఆధారపడి ఉన్నాం శింగరకొండా" అన్నాడు విరూపాక్షం గారు. ఆ మాటకు శింగరకొండ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జోజిబాబు ఆ నీళ్ళు చూసి తేమలో ఇంకేమైనా కలపొచ్చా అని ఆలోచించాడు.

ఆగస్టులో సన్మానం చేశారు. చుట్టుపక్కల యార్డుల సెక్రటరీలు అధ్యయనానికని వచ్చి ముందు వరసలో కూచున్నారు. "తొంభై ఆరు కిలోల నుండి యాభై తొమ్మిది కిలోలకు! ఆరు మాసముల అల్ప వ్యవధిలో! పట్టుదలకు నిలువెత్తు రూపం!" అని విరూపాక్షం గారు మైకులో చెప్పి శాలువా కప్పబోయాడు. ఒకవైపు లాగితే ఇంకోవైపు జారింది. భుజాలు దాటి ముందుకు రాలేదు. చివరికి జోజిబాబు వెనక నిలబడి రెండు కొసలూ పట్టుకుంటే ఫొటో తీశారు. ఫొటోలో శింగరకొండ చొక్కాకు రెండు గుండీలు లేవు. అంతకుముందే చప్పట్లకు వంగి దణ్ణం పెట్టినప్పుడు ఎగిరిపోయాయి.

అదే రోజు యార్డులో వైద్య శిబిరం. జనం బారులు తీరి ఉన్నారు. డాక్టరు తల ఎత్తకుండా కాగితం చూసి రాస్తున్నాడు.

"యాభై తొమ్మిదా? ఆరునెల్లలో ముప్పై ఏడు కిలోలు పోయాయా? నీరసంగా ఉంటుందా?"

"ఆయాసంగా ఉంటదండి."

"ఉంటుంది మరి, ఒంట్లో ఏముందని! రోజూ రెండు గుడ్లు, నెయ్యి, ఒక గ్లాసు పాలు. షుగరు మాత్ర సగం చెయ్యి. తర్వాత!"

శింగరకొండ ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు, తల ఎత్తుతాడేమోనని. ఎత్తలేదు. చీటీ తెచ్చి ఇంట్లో ఇచ్చాడు. పేరమ్మ చీటీ చూసింది, మొగుణ్ణి చూసింది, మళ్ళీ చీటీ చూసింది.

"డాక్టరు గుడ్డోడా?"

"చదువుకున్నాయన."

"నెయ్యి పొయ్యమన్నాడా నీకు?"

"నేనడగలేదు. ఆయనే రాశాడు."

"నీకు బుద్ధుందా? నువ్వు తగ్గావా?"

"కాగితం మీద తగ్గా."

"రాత్రి మంచం పట్టె విరిగింది. అది కాగితమా?"

శింగరకొండ కంచం ముందు కూచున్నాడు. డాక్టరు రాశాడు గదాని నెయ్యి మాత్రం పోసుకున్నాడు.

సెప్టెంబరుకు యాభై రెండు అయ్యాడు. అక్టోబరు మొదట్లో పెద్దాఫీసు నుంచి ఇంకో సర్క్యులరు వచ్చింది. సిబ్బంది మరీ క్షీణించిపోతున్నట్టు నివేదికల ద్వారా గమనించడమైనదట. కాటాదారుగా పనిచేయు ఉద్యోగి యాభై అయిదు కిలోలకు తగ్గియున్నచో బస్తా మీద పడిన సందర్భములో ప్రాణాపాయము సంభవించు అవకాశము గలదట. అట్టివారిని పదిహేను రోజుల్లోగా బలహీనతా కారణముపై విధుల నుండి విరమింపజేయవలెనట.

గేటు కూడా కాదు. ఏకంగా ఇల్లే.

శింగరకొండ మేడ మెట్లెక్కి సెక్రటరీ గదిలోకి పోయాడు. ఎక్కేసరికి మాట రాలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తలుపు కిర్రుమంది.

"సార్, నేను బలహీనం కాదు సార్."

"రికార్డు ప్రకారం బలహీనమే."

"నన్ను చూడండి సార్."

విరూపాక్షం గారు చూడలేదు. కాగితాలు సర్దుకున్నాడు. "వ్యక్తిని చూసి నిర్ణయాలు తీసుకుంటే దాన్ని పక్షపాతం అంటారు."

"ఒక్కసారి కాటా ఎక్కుతా సార్. తరుగు తియ్యకుండా తూయించండి. ఎంతుంటే అంత రాయండి."

"తరుగు తియ్యకుండానా?" విరూపాక్షం గారు నిజంగానే నివ్వెరపోయాడు. "ఈ యార్డులో తరుగు తియ్యకుండా ఏదైనా తూచారా ఎప్పుడైనా?"

"తరుగు తియ్యమని రూలేమైనా ఉందా సార్?"

"లేదు. తియ్యొద్దనీ లేదు. ఆనవాయితీ ఉంది. దాన్ని కాదనాలంటే పూర్వ దాఖలా కావాలి. నీ ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కటంటే ఒక్క బస్తా తరుగు లేకుండా తూచిన చీటీ చూపించు. నిన్నూ అట్టాగే తూయిస్తా. ఇది నా మాట."

శింగరకొండ రికార్డు గదిలో కూచున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ రిజిస్టర్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. అంతా తన రాతే. మూడో క్లాసు రాత, ఒక్కో అంకె ఒక్కో గుమ్మడికాయంత. వేలు పెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ పోయాడు. తూకం, తరుగు, నికరం. తూకం, తరుగు, నికరం. ఎన్ని పేజీలు తిప్పినా తరుగు గడి ఒక్కటీ ఖాళీగా లేదు. పేర్లు మారుతున్నాయి. కొన్ని పేర్లు మారటం లేదు. నాసరయ్య, ఏడు బస్తాలు. మరుసటేడు నాసరయ్య, పది బస్తాలు. ఒకేడు వాన లేదు. నాసరయ్య, రెండు బస్తాలు. తరుగు ఆ రెంటికీ ఉంది. ఆ సంవత్సరం కాయ ఎండి పొట్టులా ఉండేది, తేమ ఎక్కడిదో శింగరకొండకు గుర్తు రాలేదు. కాయ మీద నాసరయ్య కన్నీళ్ళేమైనా పడ్డాయేమో.

రెండు రోజులు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. మూడో రోజు రిజిస్టరు మూసి, దొరకని చీటీని తనే పుట్టించాలనుకున్నాడు. అది మంచితనం అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కాటా దక్కించుకోవాలి, అంతే.

ఆ పొద్దున నాసరయ్యే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న సరుకు తెచ్చాడు. పదకొండు బస్తాలు. కొన్న షావుకారు గుమస్తా పక్కన నిలబడ్డాడు. మొదటి బస్తా కాటా ఎక్కింది.

"నలభై మూడు!" అన్నాడు శింగరకొండ. నాలుక ముందుకు ఉరికింది. పళ్ళ మధ్య పట్టుకున్నాడు. నలభై మూడని రాశాడు.

నాసరయ్య మెడ ముందుకు చాపాడు. "తర్వాత?"

"తర్వాతేం లేదు."

"తరుగు?"

"లేదు."

నాసరయ్య మొహం పాలిపోయింది. "ఏం తప్పు చేశానయ్యా నేను? ఇన్నేళ్ళనించి రెండు తీస్తున్నావు, నేనేమన్నా అన్నానా? ఇప్పుడు తియ్యలేదంటే ఇంకేదో పెద్దది తియ్యబోతున్నావు. చెప్పు, ఏంది? కాయకు పురుగు రాశావా?"

"ఏం రాయలేదు నాసరయ్యా."

"ఒక కిలో అన్నా తియ్యి. నీకు దణ్ణం పెడతా. మనసు నిమ్మళంగా ఉంటది."

గుమస్తా అందుకున్నాడు. "ఆయనే తియ్యమంటుంటే నీకేం నొప్పయ్యా? తరుగు లేకుండా మా షావుకారు తీసుకోడు."

"మీ షావుకారు కొన్నది మిరపకాయలే గదా? మిరపకాయలే తూస్తున్నా."

పదకొండు బస్తాలూ అట్టాగే తూచాడు. చీటీ మూడు కాపీలు. తరుగు గడిలో పెద్ద గుమ్మడికాయంత సున్నా చుట్టాడు. రైతు కాపీ నాసరయ్య చేతిలో పెట్టాడు. నాసరయ్య దాన్ని తిప్పి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, చుట్టూ చూశాడు. తర్వాత ఎవరైనా లాక్కుంటారేమోనని బనీను లోపల దోపుకుని, టీ కూడా తాగకుండా ట్రాక్టరెక్కి పోయాడు.

గంటలో కాటా ముందు రెండొందల మంది రైతులు చేరారు. "నాసరయ్యకు తియ్యంది మాకెందుకు తీస్తావ్?" అని గోల. షావుకార్లు ఇంకో పక్క. విరూపాక్షం గారు మేడ దిగి పరుగెత్తుకొచ్చాడు. కాగితం మీద అరవై ఎనిమిది కిలోల మనిషి కదా అని అందరూ దారిచ్చారు. దారి చాల్లేదు.

శింగరకొండను పక్కకు లాగాడు. "ఏం చేశావయ్యా? ఏం చేశావు? నీ తూకం ఎంత కావాలో చెప్పు. డెబ్భయ్యా, ఎనభయ్యా? ఇప్పుడే రాయిస్తా. ఆ చీటీలో మాత్రం తరుగు వెయ్యి."

శింగరకొండకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఎనభై అంటే బాగుంటుంది. గుండ్రంగా ఉంటుంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కాసేపు ఎనభై కిలోల మనిషిలా నిలబడ్డాడు.

"రైతు కాపీ పోయింది సార్" అన్నాడు చివరికి. "నాసరయ్య బనీన్లో ఉంది."

విరూపాక్షం గారు అక్కడే ఉన్న బస్తా మీద కూలబడ్డాడు. తను అడిగిన పూర్వ దాఖలా రెండొందల మందికీ తెలిసిపోయింది. కాటా ఖాళీ చేయించాడు. శింగరకొండ చెప్పులు విడిచి ఎక్కాడు. జోజిబాబు ముల్లు చూశాడు.

"నూట మూడు! తరుగు..." అని ఆగి, రైతుల వైపు చూసి, మిగతాది మింగేశాడు.

మర్నాడు మెమో వచ్చింది.

"విషయము: ఒక నెల వ్యవధిలో యాభై ఒక్క కిలోల అసాధారణ పెరుగుదల, సంజాయిషీ కోరుట. గత నెల 52 కిలోల నికర తూకము గల కాటాదారు ఈ నెల 103 కిలోలు తూగినట్లు గమనించడమైనది. ఇంత స్వల్ప వ్యవధిలో సదరు ఉద్యోగి ఏమి తిన్నదీ, ఎక్కడ తిన్నదీ, ఎవరిది తిన్నదీ మూడు రోజుల్లోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను. సంజాయిషీ తృప్తికరముగా లేనిచో విధుల నుండి తొలగించబడును. తృప్తికరము కాని సంజాయిషీ పెద్దాఫీసుకు పంపబడును."

శింగరకొండ ఇంట్లో నేల మీద కూచుని రాశాడు. రాయటానికి సాయంత్రమంతా పట్టింది. పేరమ్మ రెండుసార్లు వచ్చి తొంగిచూసింది.

"అంతసేపు ఏం రాస్తున్నావయ్యా?"

"తిన్నది."

"కాగితం చాలుద్దా?"

చాలింది. నాలుగు వరసలే రాశాడు.

"ఏమి తిన్నాను: తరుగు. ఎక్కడ: కాటా దగ్గర. ఎవరిది: నాసరయ్యది, ఇంకా చానామందిది. రిజిస్టర్లు నా చేతిరాతలో ఉన్నవి, చూడగలరు. ఇట్లు, శింగరకొండ, కాటాదారు, 103 కిలోలు."

విరూపాక్షం గారు దాన్ని మూడుసార్లు చదివాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, నుదుటి మీద చెమట పట్టింది. ఈ కాగితం పెద్దాఫీసుకు పోతే రిజిస్టర్లు కూడా పోతాయి. రిజిస్టర్ల మీద తన సంతకాలున్నాయి. సంజాయిషీ తృప్తికరంగా లేకపోతేనే కదా పైకి పంపేది. కలం తీసి కింద రాశాడు: "సంజాయిషీ సంపూర్ణముగా తృప్తికరము. ఫైలు మూసివేయడమైనది."

శింగరకొండ కాటా దగ్గరికి వచ్చాడు. పొద్దున తాగిన జావ కడుపులో ఉంది. షుగరు మాత్ర మళ్ళీ పూర్తిది వేసుకున్నాడు. నడక మొదలుపెట్టి ఆ రోజుకు ఒక రోజు. బస్తా ఎక్కింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది. రైతు, గుమస్తా, హమాలీ ముగ్గురూ అతని నోటి వైపు చూస్తున్నారు.

"నలభై రెండు" అని నోరు మూసుకున్నాడు.

ఆ మూసుకోవటం బజ్జీలు మానటం కంటే కష్టమైంది. సాయంత్రంలోగా రెండుసార్లు జారాడు. బజ్జీల విషయంలో కూడా రెండుసార్లే.